నాలుక నుండి మీటరు దాకా

'మంచినీరు' అన్న మాటను మనవాళ్ళు రుచిని బట్టి ఏర్పరచుకొన్నారు. ఎంత తేటగా ఉన్నా ఉప్పునీళ్ళ బావి మంచినీళ్ళ బావి కాదు. ఏ నీళ్ళలో కందిపప్పు ఉడకదో ఇల్లాండ్రకు ఏ పరికరమూ లేకుండానే తెలుసు.

క్రీ.శ. 6వ శతాబ్ది నాటి వరాహమిహిరుడు బృహత్సంహితలోని దకార్గళాధ్యాయంలో భూగర్భజలాన్ని కనుగొనే ఉపాయాలు చెప్పాడు. బురదగా, చేదుగా, ఉప్పగా ఉన్న బావినీటికి తుంగముస్తలు, వట్టివేళ్ళు, ఉసిరిక, చిల్లగింజ మొదలైన వాటి చూర్ణం వేయమన్నాడు. చిల్లగింజ అరగదీసి కలిపితే మట్టి అడుగున పేరుకొంటుంది, నిజమే. కరిగిన ఉప్పు మాత్రం కదలదు! ఇక్కడ ఆచార్యునితో ఏకీభవించలేను.

కరిగినదాన్ని కొలవడానికి పాతమార్గం, వడకట్టిన నీటిని ఇగిర్చి మిగిలినదాన్ని తూచడం. 1840లలో స్కాట్లండు రసాయనాచార్యుడు థామస్ క్లార్క్ సబ్బు ద్రావణంతో నీటి కాఠిన్యాన్ని కొలిచాడు. నురగ నిలవడానికి ఎంత సబ్బు పడితే అంత కాఠిన్యమన్నమాట. 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో జర్మనీలో కోల్‌రాష్ ద్రావణాల విద్యుద్వాహకతను నికరంగా కొలిచాడు.

నేటి జేబు టీడీయస్ మీటరు ఆ వంశంలోదే. అది లవణాలను తూచదు. వాహకతను సుమారు 0.5 నుండి 0.7 లోపు గుణకంతో హెచ్చవేసి, లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని చూపుతుంది. ఐయస్ 10500 (2012) ప్రమాణంలో ఆ అంకె 500 వరకు ఆమోదయోగ్యం. వేరే నీరు దొరకనిచోట 2000 వరకు. శుద్ధియంత్రాలు అమ్మేవారు ఆ ఒక్క అంకెతోనే ఇంటివారిని బెదరగొట్టడం చూస్తూనే ఉన్నాము.

1937లో షార్ట్ ప్రభృతి వైద్యులు మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ వ్యాధిని వర్ణించారు. పళ్ళపై గోధుమరంగు మచ్చలు, బిగిసిపోయిన వెన్నెముకలు. కారణం బావినీటిలోని ఫ్లోరైడు. దానికి రుచి లేదు, రంగు లేదు. పైగా కాల్షియం తక్కువైన నీటిలోనే అది సాధారణంగా ఎక్కువగా కరుగుతుంది. అంటే పప్పు చక్కగా ఉడికే నీటిలోనే అది దాగి ఉండవచ్చు. 800 మిల్లీగ్రాముల లవణాలలో 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉన్నదనుకోండి, మీటరు 800 అని ఊరుకొంటుంది. ప్రమాణం ప్రకారం ఫ్లోరైడు 1.5 దాటరాదు. దానిని పట్టాలంటే జిర్కోనియం-అలిజరిన్ రంగు పరీక్ష కావాలి, లేదా 1966లో ఫ్రాంట్, రాస్ ప్రకటించిన ఫ్లోరైడు ఎలక్ట్రోడు కావాలి.