ఏమండీ, సంతకం పెట్టకండి!

రాత్రి పదిన్నర దాటింది. డాలస్ పక్కన ఫ్రిస్కోలో, మా అపార్ట్‌మెంట్‌కి అర మైలు దూరంలో ఓ సూపర్ మార్కెట్ పార్కింగ్. అంత పొడుగు ట్రైలర్ మా గేటులోంచి తిరగదని డ్రైవర్ మమ్మల్నే అక్కడికి రమ్మన్నాడు. మా కారు అప్పుడే కిందికి దిగింది. రంగు కనిపించనంత దుమ్ము. డ్యాష్‌బోర్డు మీద మా అత్తగారు అతికించిన బుల్లి వినాయకుడు మాత్రం కదల్లేదు.

"ఇక్కడో సంతకం భాయ్‌సాబ్" అంటూ డ్రైవర్ అట్ట చేతికిచ్చాడు. పదకొండు రోజులుగా కారు లేక, పాల ప్యాకెట్‌కి కూడా క్యాబ్ పిలిచి విసిగిపోయి ఉన్నాను. పెన్ను తీశాను.

"ఏమండీ, ఆగండి. సంతకం పెట్టకండి!"

ఫోన్ టార్చి వేసుకుని కారు చుట్టూ తిరుగుతున్న మా ఆవిడ గొంతు అది.

అక్కడిదాకా ఎలా వచ్చామో చెప్పాలి. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఆరేళ్లున్నాం. నా ఉద్యోగం టెక్సాస్‌కి మారింది. మూడేళ్ల పిల్లతో పదిహేను వందల మైళ్లు డ్రైవింగ్ ఎందుకని మేం విమానంలో, కారు ట్రైలర్ మీద అనుకున్నాం. కొటేషన్లిచ్చే సైట్‌లో ఫోన్ నంబరు కొట్టానో లేదో, బెల్లం చుట్టూ ఈగల్లా కాల్స్. టీ చల్లారేలోగా పద్నాలుగు. అందరూ పదకొండు, పన్నెండు వందలు అంటుంటే ఒకాయన 749 డాలర్లకే తీసుకెళ్తామన్నాడు. అడ్వాన్సు 150. కార్డు నంబరు చెప్పేశాను. భలే బేరం కుదిరిందని ఆఫీసులో నలుగురికీ చెప్పుకున్నాను కూడా.

చెప్పిన రోజుకి ట్రక్కు రాలేదు. మర్నాడూ లేదు. ఇల్లు ఖాళీ చేయడానికి ఇక ఒక్కరోజే మిగిలిందనగా అతనే ఫోన్ చేశాడు. "సర్, ఈ వారం రేట్లు పెరిగాయి. ఇంకో 350 వేసుకుంటే రేపు పొద్దున్నే బండి పంపిస్తా."

వేసుకోక ఏం చేస్తాను?

నాకు తెలియనిదేమిటంటే, అతనికి ఒక్క ట్రక్కూ లేదు. అతను బ్రోకర్. మన కారుని, డ్రైవర్‌కి ముట్టే మొత్తాన్ని లోడ్ బోర్డు అనే సరుకుల జాబితాలో పెడతాడు. ట్రక్కులున్నవాళ్లు చూసి, గిట్టుబాటైతే ఎత్తుకుంటారు. 749లో తన 150 పోగా మిగిలే 599కి ఏ డ్రైవరూ రాడని అతనికి మొదటిరోజే తెలుసు. మన గడువు దగ్గరపడేదాకా కూర్చుంటాడంతే. నిజాయితీగా పనిచేసే బ్రోకర్లు లేరని కాదు. వాళ్లు పన్నెండు వందలు చెప్పారు, నేను ఫోన్ పెట్టేశాను.

మర్నాడు పొద్దున వచ్చిన డ్రైవర్ పంజాబీ పెద్దాయన. కారుకి అప్పటికే ఉన్న గీతలూ సొట్టలూ కాగితం మీది కారు బొమ్మలో గుర్తులు పెడుతూ ఒక చుట్టు తిరిగాడు. మా ఆవిడ తన ఫోన్‌లో నాలుగు వైపులా, మీటర్‌తో సహా వీడియో తీసింది. "పెళ్లికూతుర్ని అత్తారింటికి పంపుతున్నావా?" అని నేను వెక్కిరించాను కూడా.

అయిదో రోజు బ్రోకర్ని అడిగితే "మీ కారు టెన్నెసీ దాటింది" అన్నాడు. ఆ రాత్రి ఈ-జెడ్‌పాస్ ఖాతా తెరిస్తే పెన్సిల్వేనియా టర్న్‌పైక్, ఆ తర్వాత ఒహాయో టర్న్‌పైక్ టోల్. అద్దానికున్న ట్యాగ్ తీయడం మర్చిపోయాం. ట్రైలర్ మీద ఊరేగుతున్న కారుకి కూడా టోల్ పడుతోంది! వేరే కార్లు ఎక్కించుకోవడానికి డ్రైవర్ ఒహాయో వెళ్లడం తప్పేం కాదు. టెన్నెసీ అన్న అబద్ధమే ఒళ్లు మండించింది.

మళ్లీ పార్కింగ్ దగ్గరికి వద్దాం. వెనక ఎడమ తలుపు మీద జానెడు గీత, రేకు బయటపడేంత లోతుగా. "ముందే ఉందేమో బహెన్‌జీ" అన్నాడు డ్రైవర్. మా ఆవిడ మాట్లాడకుండా వీడియో చూపించింది. ఆయన రెండుసార్లు చూశాడు. నా చేతిలో పెన్ను తీసుకుని, బిల్ ఆఫ్ లేడింగ్ అనే ఆ కాగితం మీద ఆ తలుపు దగ్గర తనే సున్నా చుట్టి, పక్కన రాశాడు.

"ఇది రాయకుండా సంతకం పెట్టారనుకోండి, మా ఇన్సూరెన్స్ వాడు మీ ఫోన్ కూడా ఎత్తడు."

ఆయనకివ్వాల్సిన 774 డాలర్లు నగదు లెక్కపెట్టి ఇచ్చాక అర్థమైంది, ఎక్కువ గుంజిన 350లో సగం కూడా బ్రోకర్ జేబులోకే వెళ్లిందని.

బ్రోకర్ ఆఫీసుకి ఫోన్ చేస్తే, "మేం మధ్యవర్తులం, డ్యామేజీతో మాకు సంబంధం లేదు" అన్నారు. డ్రైవర్ రాసిన ఆ ఒక్క వాక్యాన్నీ, వీడియోనీ పంపితే ట్రక్కు కంపెనీ ఇన్సూరెన్స్ ఏడు వారాలకి 640 డాలర్లిచ్చింది.

అడ్వాన్సు కట్టేముందు కంపెనీ యూఎస్‌డాట్ నంబరు అడగాలి. ఫెడరల్ రవాణా సంస్థ ఎఫ్‌ఎంసీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో కొడితే బ్రోకరో, సొంత ట్రక్కులున్న క్యారియరో, లైసెన్సు నడుస్తోందో లేదో పైసా ఖర్చు లేకుండా తెలుస్తుంది. "మాకు 75,000 డాలర్ల బాండ్ ఉంది సర్" అని ఊరిస్తారు. అది ప్రతి బ్రోకరూ చట్టప్రకారం చూపించాల్సిందే, మన తలుపు మీద గీతకి ఇన్సూరెన్స్ కాదు.

టోల్ డబ్బు 41 డాలర్లు మాత్రం తిరిగి రాలేదు. కారు ఎక్కించేముందు అద్దం మీది ట్యాగ్ పీకేయండి.