నాలుగు కుట్లు నేర్పిన చరిత్ర

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున, మా డైనింగ్ టేబుల్ మీద, నా చూపుడు వేలు తెగింది. నాలుగు కుట్లు. కోసింది కత్తి కాదండీ, బొమ్మ విమానం! అమ్మ ఫోన్‌లో ఒకటే మాట: "ఇరవైతొమ్మిదేళ్ళొచ్చాయి, ఇంకా బొమ్మలేంట్రా?"

జరిగింది ఇదీ. కొత్త ట్రాన్స్‌మిటర్ కొన్నా. అందులో థ్రాటిల్ దిశ తిరగబడి ఉందని నాకు తెలీదు. ప్రొపెల్లర్ తియ్యకుండానే బ్యాటరీ తగిలించా. మోటారు కదల్లేదు, బీప్ బీప్ మంటోంది. ఏంటా అని స్టిక్ పైకి తోశా. బీప్ ఆగింది. హమ్మయ్య అనుకుని, "జాగ్రత్త కోసం" స్టిక్ కిందకి దించా. అంతే, ఫుల్ స్పీడు! నేను ఆపాననుకున్నది దానికి మొదలెట్టమన్నట్టు.

వేలికి కట్టుతో కోడ్ కొట్టలేక, ఈ హాబీ చరిత్ర చదవడం మొదలెట్టా. అప్పుడు తెలిసింది అసలు సంగతి. పాత కోడ్‌లో ఒక వింత కండిషన్ కనిపిస్తే తీసేద్దామనిపిస్తుంది కదా? దాని వెనక ఎప్పుడో ఎవడో అర్ధరాత్రి పట్టుకున్న బగ్ ఉంటుంది. ఎగరేసేముందు చూసుకోవాల్సిన చెక్‌లిస్టూ అంతే.

మొదటి లైను: బరువు కేంద్రం చూడు. 1871లో పారిస్‌లోని ట్విలరీ తోటలో ఆల్ఫాన్స్ పెనో అనే కుర్రాడు, మెలిపెట్టిన రబ్బరుతో నడిచే చిన్న విమానాన్ని 11 సెకన్లు ఎగరేశాడు. నడిపే మనిషి లేడు, రేడియో లేదు. అయినా నిలకడగా పోయింది. వెనక తోక రెక్కని కొంచెం తక్కువ కోణంలో పెట్టి, బరువుని దానికి తగ్గట్టు సర్దడమే కిటుకు. ఈరోజు మనం బ్యాటరీని అంగుళం వెనక్కి జరిపితే ఆ నిలకడ మొత్తం పోతుంది.

రెండో లైను: రేడియో చూడు. 1937లో అమెరికాలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే కవల సోదరులు 'గఫ్' అనే మోడల్‌ని రేడియోతో నడిపారు. అది ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియం సొత్తు. ఆ తర్వాత చాలా దశాబ్దాలు ఒకటే బెడద: ఒకే చానెల్ మీద ఇద్దరు ట్రాన్స్‌మిటర్ ఆన్ చేస్తే విమానం నేలకూలినట్టే. అందుకే క్లబ్బుల్లో బోర్డు పెట్టి, బట్టల క్లిప్పుల మీద చానెల్ నంబర్లు రాసి తగిలించేవారు. క్లిప్పు నీ దగ్గరుంటేనే ఆన్ చెయ్యాలి. మనం మ్యూటెక్స్ అని గొప్పగా చెప్పుకునేది అదే కదా! 2000ల మధ్యలో 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు వచ్చాక క్లిప్పుల అవసరం తగ్గింది. కానీ ముందు ట్రాన్స్‌మిటర్ ఆన్, తర్వాతే విమానం బ్యాటరీ, ఆపేటప్పుడు తిరగేసి. ఈ నియమం మాత్రం పోలేదు.

మూడోది నా వేలి కథ. 1957 జూన్ 30న ఇంగ్లండ్‌లో కల్నల్ టాప్లిన్ 'రేడియో క్వీన్' మోడల్‌ని సిల్వర్-జింక్ బ్యాటరీతో ఎగరేశాడు. రికార్డుల్లోకెక్కిన మొదటి ఎలక్ట్రిక్ రేడియో కంట్రోల్ విమానం అదే. జర్మనీలో ఫ్రెడ్ మిలిట్కీ చేసిన మోడల్ పేరే 'సైలెన్షియస్'. ఆయన పట్టుదలే 1973 అక్టోబర్ 21న ఆస్ట్రియాలో మనిషిని మోసిన ఎలక్ట్రిక్ విమానం దాకా వెళ్ళింది. అందరిదీ ఒకే కల: చప్పుడు లేని విమానం.

కల నిజమైంది. లిథియం పాలిమర్ బ్యాటరీలు, బ్రష్‌లెస్ మోటార్లు వచ్చాయి. 11.1 వోల్టుల దగ్గర 40 ఆంపియర్లంటే 444 వాట్లు. ఇంట్లో మిక్సీతో పోల్చుకోండి, అదీ మూత లేని మిక్సీ! ఆయిల్ ఇంజిన్ కూడా వేళ్ళు కోసేదే, కానీ దాన్ని మనమే స్టార్ట్ చెయ్యాలి, అరిచి మరీ చెప్తుంది. ఎలక్ట్రిక్ మోటారు మౌనంగా కూర్చుంటుంది. వేలు అడ్డొస్తే ఆగకపోగా ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఏ చప్పుడు వద్దనుకున్నామో, ఆ చప్పుడే మనకున్న హెచ్చరిక.

ఇప్పుడు నా పద్ధతి ఇది. టేబుల్ మీద పనైతే ముందు ప్రొపెల్లర్ ఊడదీస్తా. అలాగే ట్రాన్స్‌మిటర్ ఆపి మోటారు ఆగుతుందో లేదో చూస్తా. మైదానంలో బ్యాటరీ తగిలించాక చెయ్యి ప్రొపెల్లర్ వెనకే. స్టిక్ కుడికి తిప్పితే కుడి ఐలరాన్ పైకి లేవాలి, లేకపోతే ఎగరెయ్యను. ఉబ్బిన బ్యాటరీ వాడను, ఛార్జింగ్ పెట్టి పక్కకి పోను.

మొన్న ఆదివారం ఇవన్నీ చూసుకుని ఎగరేశా. ఆరు నిమిషాలు. దిగాక ముందు బ్యాటరీ పీకి, తర్వాతే ట్రాన్స్‌మిటర్ ఆపా. అమ్మకి ఫోన్ చేసి చెప్తే, "వేళ్ళు పదీ ఉన్నాయా?" అంది. ఉన్నాయమ్మా :)

మీ చెక్‌లిస్టుల్లో ఎందుకో తెలీని లైను ఏదైనా ఉంటే, కొట్టెయ్యకుండా ముందు దాని కథ కనుక్కోండి. నాకైతే నాలుగు కుట్లు పడ్డాయి.