గో ఆట దేశాంతర ప్రయాణం

చదరంగాన్ని ఎవరూ పరదేశాలకు పంపలేదు. అది మన దేశంలో చతురంగమై పుట్టి, పారసీకుల చేతిలో చత్రంగ్ అయి, అరబ్బుల నోట షత్రంజ్ అయి, వర్తకుల వెంటా సైనికుల వెంటా నడచి ఐరోపా చేరినది. దారిలో మంత్రి రాణిగా మారినాడు. ఏనుగు ఇంగ్లండులో మతాచార్యుడై కూర్చున్నది. పంపినవారు లేరు కనుక, ఇది మాది, ఇట్లు ఆడరాదు అని అడ్డగించినవారూ లేరు. తూర్పు ఆసియాలో మరొక ప్రాచీన క్రీడ ఉన్నది. దాని కథ వేరు. రెండువేల ఏండ్లకు పైగా తన ప్రాంతాన్ని దాదాపు దాటని ఆ ఆట గత నూట నలుబది ఏండ్లలో ఐరోపా, అమెరికాలలో కాలు మోపినదంటే, తనంత తాను నడచిపోయినది కాదు. కొందరు పనిగట్టుకొని మోసికొనిపోయినారు. గ్రంథాలను ఒక భాషనుండి మరొక భాషలోనికి మోసే పనిలో జీవితం గడుపుతున్న నాకు, ఆ మోతగాండ్ర చరిత్ర పరాయిదిగా తోచలేదు.

చీనావారు ఈ ఆటను వెయ్‌చీ అంటారు. చుట్టుముట్టే ఆట అని అర్థం. కొరియావారికి అది బాదుక్. జపానువారు ఇగో అని, పొట్టిగా గో అని అన్నారు. పలకమీద నిలువున 19, అడ్డంగా 19 గీతలు. అవి కలిసే కూడళ్లు 361. ఒకరివి నల్లరాళ్లు, ఒకరివి తెల్లరాళ్లు. రాయిని గడిలో కాక కూడలిలో పెట్టవలెను. పెట్టిన రాయి మరి కదలదు. ఎదుటివాని రాళ్లను అన్ని దిక్కులా మూసివేస్తే అవి పట్టుబడి పలకమీదనుండి తొలగును. చివరకు ఎక్కువ నేలను ఆవరించినవాడు గెలుచును. గుడి మండపాల బండలమీద పులిజూదం గీతలు చూచిన మన పాఠకులకు కూడళ్లలో ఆడడం కొత్త కాదు. అయితే మన ఆటలో మూడు పులులకు ఒక ధర్మం, పదునైదు మేకలకు ఒక ధర్మం. గోలో అట్టి భేదమే లేదు. రాజు లేడు, బంటు లేడు. ప్రతి రాయి విలువా దాని చోటును బట్టి వచ్చునదే.

కన్ఫ్యూషియసు సంభాషణలలోను, మెన్షియసు గ్రంథంలోను ఈ ఆట ప్రసక్తి ఉన్నది. హాన్ వంశకాలపు సమాధిలో 17 గీతల పలక దొరికినది. 595 నాటి సమాధిలో 19 గీతల పలక దొరికినది. జపానులో మురాసకి షికిబు రచించిన గెంజి గాథలో అంతఃపుర స్త్రీలు గో ఆడుతారు. తోకుగావా ప్రభువులు నాలుగు గో వంశాలను పోషించి, వాటికి భృతులు ఏర్పరచినారు. హొనింబో వంశం అందులో అగ్రగణ్యం. 1868లో ఆ ప్రభుత్వం కూలిన పిమ్మట భృతులు పోయినవి, ఆచార్యులు వీథిన పడినారు. మన సంస్థానాలు పోయినప్పుడు పండితులకూ విద్వాంసులకూ కలిగిన అవస్థ ఎట్టిదో ఎరిగినవారికి దీనిని వివరించనక్కరలేదు.

అయితే ఆ దుర్దశయే ఆట బయటికి పోవడానికి తలుపు తెరచినది. రాజపోషణ ఉన్ననాడు ఈ విద్య వంశరహస్యం. పోషణ పోయిననాడు శిష్యుడు ఎవరైనా శిష్యుడే. షూహో అనే మహా క్రీడాకారుడు 1879లో హోయెన్షా అనే సంఘాన్ని స్థాపించి, వంశాలతో నిమిత్తం లేక నేర్పసాగినాడు. ఆయన వద్ద నేర్చినవారిలో ఆస్కర్ కోర్షెల్ట్ అనే జర్మను రసాయనవేత్త ఒకడు. కోర్షెల్ట్ 1880, 81లలో జర్మను భాషలో గోను గురించి విపులమైన వ్యాసాలు ప్రకటించినాడు. శీర్షికలోనే ఆయన గోను చదరంగానికి పోటీదారు అన్నాడు.

ఇంతకు పూర్వం ఐరోపావారికి ఈ ఆట వినికిడి లేకపోలేదు. ఆక్స్‌ఫర్డు పండితుడు థామస్ హైడ్ 1694లో ప్రాచ్యక్రీడలపై లాటిను గ్రంథం వ్రాసి, అందులో దీనిని వర్ణించినాడు. రెండు శతాబ్దాలపాటు ఆ వర్ణన గ్రంథాలయంలో నిద్రపోయినది. కారణం స్పష్టం. కావ్యాన్ని ఒంటరిగా చదివి ఆనందించవచ్చును. ఆటకు ఎదుట మనిషి కావలెను. ఊరిలో గో తెలిసినవాడు ఒక్కడే అయితే, తెలియనట్లే. కోర్షెల్ట్ హైడ్ కంటె అదృష్టవంతుడు కావడానికి ఆయన స్వయంగా ఆడినవాడగుట ఒక కారణం. ఆయన పాఠకులలో ఒకచోట కూడి ఆడగలవారు ఉండుట మరొకటి. ఆస్ట్రియా నౌకాదళపు రేవు పోలాలో ఆట కొంతకాలం వ్యాప్తిలో ఉన్నది. గ్రాజ్‌లో లియోపోల్డ్ ఫౌండ్లర్ 1909లో జర్మను భాషలో గో పత్రిక ఒకటి ఆరంభించినాడు. అది త్వరలోనే ఆగినది. చిన్న పత్రికల ఆయుర్దాయం అన్ని దేశాలలోను ఒకటే. ఆర్థర్ స్మిత్ 1908లో న్యూయార్కులో ఆంగ్ల గ్రంథం ప్రకటించినాడు. బెర్లినులో ఆట నేర్చిన ఎడ్వర్డ్ లాస్కర్ అమెరికా చేరి, 1934లో మరొక గ్రంథం వ్రాసి, అక్కడి గో సంఘానికి ఆద్యులలో ఒకడైనాడు. లాస్కర్ స్వయంగా పేరుపొందిన చదరంగ క్రీడాకారుడు. గోను చేరదీసిన తొలి పాశ్చాత్యులలో చదరంగం ఎరిగినవారే ఎక్కువ. 1936లో బెర్లినులోని ఫెలిక్స్ డ్యూబాల్, తోక్యోలోని హతోయామా ఇచిరో తంతివార్తల మూలంగా ఒక ఆట ఆడినారు. ఈ హతోయామాయే 1954లో జపాను ప్రధాని అయినాడు.

ఇవన్నీ విత్తనాలు. నాటి, నీరు పోసి, కంచె వేసినవాడు ఇవామోతో కవోరు. ఆయన 1902లో జన్మించి, బాల్యం కొంత కొరియాలోని పూసాన్‌లో గడిపినాడు. వృత్తిక్రీడాకారుడై పేరు తెచ్చుకొనుచున్న దశలో, 1929లో, అన్నిటినీ విడిచి బ్రెజిలుకు వలసపోయి కాఫీ తోటలో దిగినాడు. వ్యవసాయం అచ్చిరాలేదు. రెండేండ్లకు తిరిగివచ్చి మరల రాళ్లు పట్టినాడు.

1945లో ఆయన హొనింబో బిరుదానికై హషిమోతో ఉతారోతో తలపడినాడు. వెనుకటి వంశనామం అప్పటికే పోటీలో గెలుచుకొనే బిరుదుగా మారి ఉన్నది. తోక్యో బాంబులకు కాలిపోవుచుండగా, సెగోయె కెన్సకు అనే పెద్ద ఈ పోటీని తన ప్రాంతమైన హిరోషిమాలో ఏర్పాటు చేసినాడు. మొదటి ఆట జూలైలో నగరంలోనే జరిగినది. రెండవదానిని అధికారుల హెచ్చరిక మీద ఊరివెలుపల ఇత్సుకాయిచికి మార్చినారు. ఆగస్టు 4న మొదలైన ఆట మూడవనాటికి సాగినది. 6వ తేదీ ఉదయం, అంతకు ముందటి ఎత్తులను పలకమీద తిరిగి పేర్చుకొనిన సమయంలో, 8 గంటల 15 నిమిషాలకు నగరంమీద అణుబాంబు పడినది. కాంతి, ఆపై ఘోషం, ఆపై గాలి. కిటికీల అద్దాలు పగిలినవి, రాళ్లు చెదరినవి. వారు గది ఊడ్చుకొని, రాళ్లను మరల పేర్చి, ఆ ఆటను అదే దినం ముగించినారు. హషిమోతో 5 కూడళ్ల తేడాతో గెలిచినాడు.

ఈ సంఘటనను కొందరు ఏకాగ్రతకు ఉదాహరణగా చెప్పుతారు. నాకు ఆ ప్రశంస రుచింపదు. నగరం కాలుచుండగా ఆట ముగించుట నిష్ఠయా, దిగ్భ్రమయా? ఏమి జరిగినదో ఆ గంటలో వారికి తెలియదు. తెలియనివారి ప్రశాంతిని ధైర్యమని కీర్తించుట అనుచితం. చెప్పదగినది వేరొకటి. ఆట నగరమధ్యంలో జరిగి ఉంటే ఆ గదిలోనివారెవరూ మిగిలేవారు కారు. ఇవామోతో మిగిలినాడు. మరుసటి యేడు బిరుదు గెలిచినాడు. 1999 వరకు జీవించినాడు. ఆ జీవితంలో అధికభాగాన్ని అణుబాంబు వేసిన దేశంతో సహా పరదేశాలలో తన ఆటను నేర్పడానికి వినియోగించినాడు.

1960లనుండి ఆయన అమెరికాలోను ఐరోపాలోను పలుమార్లు తిరిగి బోధించినాడు. ప్రారంభకులకై ఆయన రచించిన పుస్తకం 1972లో ఆంగ్లంలో వెలువడినది. వృద్ధాప్యంలో, తోక్యోలోని ఎబిసులో తాను నడిపిన గో శాలను అమ్మి, 50 కోట్ల యెన్‌లకు పైబడిన సొమ్మును జపాను గో సంస్థకు ఇచ్చి, పరదేశాలలో గో గృహాలు కట్టమన్నాడు. సావో పౌలోలో, 1992లో నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టెల్వేన్‌లో, 1995లో సియాటిల్‌లోను న్యూయార్కులోను అట్టి గృహాలు వెలసినవి. కాఫీ పండించలేక తిరిగివచ్చిన బ్రెజిలుకు ఆయన ఈ విధంగా మరల చేరినాడు. ఈ దానంలో నేను మెచ్చునది సొమ్ము కాదు, వివేకం. హైడ్ గ్రంథం నిద్రపోయిన కారణాన్ని ఆయన గ్రహించినాడు. కొత్తగా నేర్చినవాడు ఏ సాయంకాలం వెళ్లినా ఎదుట కూర్చునే మనిషి ఒకడు దొరకే చోటు కావలెను. గురువులు వచ్చి పోతారు, గది నిలుచును.

అయితే, నియమాలు పోయినంత మాత్రాన ఆట పోయినట్లేనా? ఈ ప్రశ్నను కవబాతా యసునారి లేవనెత్తినాడు. 1938లో హొనింబో షూసాయి ఆడిన కడపటి పోటీని పత్రికకు వార్తలుగా వ్రాసి, తరువాత దానినే ఆయన ‘మేజిన్’ అనే నవలగా మలచినాడు. 1972లో ఎడ్వర్డ్ సైడెన్‌స్టికర్ దానిని ఆంగ్లీకరించినాడు. అందులో కథకుడు రైలులో ఒక అమెరికనుతో గో ఆడుతాడు. ఆ మనిషికి నియమాలు తెలియును, ఓపిక ఉన్నది. ఓడుచున్నందుకు మాత్రం ఇసుమంతైనా నొప్పి లేదు. అతని రాళ్ల వెనుక ఎవరూ లేనట్లు కథకునికి తోచును. తరతరాల సంప్రదాయం లేనిచోట ఈ విద్యకు ప్రాణం రాదనీ, పుట్టినిల్లైన చీనాలో కూడ జపాను చేసిన సంస్కారం దానికి అబ్బలేదనీ అతని భావం.

ఇది సామాన్యుని మాట కాదు, త్రోసివేయరానిది. అనువాదకులు నిత్యం వినే ఆక్షేపణయే ఇది: మాటలు వచ్చినవి, ఆత్మ రాలేదు. కాని కవబాతా చూపినది ఒక్క తరాన్ని. సంప్రదాయం ఎక్కడైనా ఒకనాడు మొదలు కావలసినదే కదా. చీనాలో పుట్టిన గో సేగెన్ బాలుడుగా 1928లో జపాను చేరి, నవల వెలువడేనాటికే అక్కడి మేటి క్రీడాకారులందరినీ మించి ఉన్నాడు. ఆయనను రప్పించినది హిరోషిమా పోటీ నడిపిన సెగోయెయే. అదే సెగోయెకు కడపటి శిష్యుడైన కొరియా బాలుడు చో హున్‌హ్యూన్ 1989లో మొదటి ఇంగ్ కప్పును గెలిచినాడు; తుదిపోటీలో అతడు ఓడించినది చీనా క్రీడాకారుడైన నియె వెయ్‌పింగ్‌ను. తుదిపోటీలో జపానువారే లేరు. కాలిఫోర్నియాలో పుట్టిన మైఖేల్ రెడ్మండ్ 2000లో అత్యున్నతమైన 9వ దాన్ శ్రేణి అందుకొన్నాడు.

జర్మనీలో పుట్టిన హాన్స్ పీట్ష్ కథ వేరు. ఆయన తోక్యోలో నేర్చి 1997లో వృత్తిక్రీడాకారుడైనాడు. 2003 జనవరిలో గో ప్రచారానికై గ్వాటెమాలా వెళ్లి, అక్కడ దోపిడిగాండ్ర చేతిలో హతుడైనాడు. అప్పటికి ఆయన వయస్సు 34. జపాను ఆటను ఒక జర్మను మధ్య అమెరికాకు మోసికొనిపోవుచు ప్రాణం విడిచినాడు. ఈ రాళ్ల వెనుక ఎవరూ లేరని చెప్పగలవారెవరు?

ప్రచారకుల గురించి ఒక మాట చెప్పక తప్పదు. పెద్దల పత్రికలు, సభలు చేయలేని పనిని ఒక పిల్లల బొమ్మకథ చేసినది. 1998నుండి 2003వరకు జపాను వారపత్రికలో వచ్చిన ‘హికారు నో గో’, అనువాదాలలో దేశదేశాల బాలబాలికలను పలక ముందు కూర్చోబెట్టినది. విద్వాంసులు దీనిని తలచుకొని కొంత సిగ్గుపడవచ్చును.

ఇక పేరు సంగతి. పుట్టుక చీనాది, మోసినది జపాను. కనుక ప్రపంచం దానిని గో అన్నది. తైవాను పారిశ్రామికుడు ఇంగ్ చాంగ్‌కీ, 1988లో 4 లక్షల డాలర్ల బహుమానంతో తన పోటీ స్థాపించిన ధనికుడు, ఆంగ్లంలో ఆ పేరుకు ఒక అక్షరం అదనంగా చేర్చి వ్రాయవలెనని పట్టుబట్టినాడు. ఆ భాషలో వెళ్లు అను క్రియతో చిక్కు రాకుండుటకు. లోకం ఆయన బహుమానం తీసుకొన్నది, అక్షరం తీసుకోలేదు. అతారి అనే పదం ఇంకా విచిత్రం. రాళ్లు పట్టుబడడానికి ఒక్క ఎత్తు మాత్రమే మిగిలిన స్థితి అది. 1972లో కాలిఫోర్నియాలో ఒక విద్యుత్క్రీడల సంస్థ ఆ మాటను తన పేరుగా పెట్టుకొన్నది. పలకను ఎన్నడూ చూడని కోట్లమంది ఆ పదాన్ని పలికినారు.

రాయి చుట్టూ ఖాళీగా ఉన్న కూడళ్లను ఆంగ్లంలో స్వేచ్ఛలు అని అర్థమిచ్చే మాటతో పిలుస్తారు. వినడానికి రాజ్యాంగ పరిభాషవలె ఉండును. చీనాలో దాని పేరు చీ, ఊపిరి. తెలుగువానికి ఆంగ్లం మీదుగా పోవలసిన పని లేదు. ఊపిరి ఆడని రాయి చచ్చినదంటే మన పల్లెటూరి పిల్లవానికైనా అర్థమగును. రాళ్ల గుంపు నడుమ శత్రువు చొరరాని ఖాళీ కూడలిని చీనాలోను జపానులోను కన్ను అంటారు. రెండు కన్నులున్న గుంపుకు చావు లేదు. దీనికీ అనువాదశ్రమ లేదు.

కో అనే పదం దగ్గర మాత్రం ఆగవలెను. ఇద్దరూ ఒకే చోట ఒక్కొక్క రాయిని మార్చి మార్చి పట్టుకొంటూ పోతే ఆటకు అంతం ఉండదు. కనుక వెంటనే తిరిగి పట్టరాదని నిషేధం. ఈ స్థితికి వ్రాసే చీనా అక్షరానికి బలాత్కారంగా దోచుకొనుట అని దేశీయార్థం. బౌద్ధగ్రంథాలను సంస్కృతంనుండి అనువదించిన పండితులు ఆ అక్షరాన్నే మరొక పదాన్ని పలికించడానికి వాడుకొన్నారు. ఆ పదం కల్పం. ఆటలో ఏ అర్థం ముందు వచ్చినదో గాని, అంతులేని ఆవృత్తికి ఆ రెండవ అర్థం చక్కగా అతికినది. అటుపై అది జపానులో కో అయి, కోర్షెల్ట్ వ్యాసాలలోను ఇవామోతో పాఠాలలోను పడమటికి పోయినది. తెలుగులో ఈ ఆటకు పాఠ్యపుస్తకం వ్రాయువారు ఆ స్థితికి కో అని కాక, కల్పమనియే పేరు పెట్టవచ్చునని నా సూచన.