బోర్డు: ఒక మాట చరిత్ర

ఇంగ్లీషునుండి తెలుగులోనికి వచ్చి, చదువురానివారి నోటను సైతము నిలిచిపోయిన మాటలలో ‘బోర్డు’ ఒకటి. బడిలో పంతులుగారు సుద్దముక్కతో వ్రాయునది బోర్డు. అంగడి గుమ్మముపై పేరు వ్రాసి కట్టునది బోర్డు. పొరుగూరినుండి వచ్చిన విద్యార్థులు బసచేసి భుజించు చోటు బోర్డింగు. పరీక్షలు నడపునది బోర్డు. విమానమెక్కువాని చేతిలో నుండునది బోర్డింగు పాసు. వ్యాపారి జనుల సొమ్ముతో పరారియైనచో ‘బోర్డు త్రిప్పివేసినాడు’ అందుము. చెక్కకును, తిండికిని, ప్రయాణమునకును, అధికారమునకును ఒకే మాట యెట్లు చెల్లినది? దీనికి సమాధానము నిఘంటువులో కొంత, చరిత్రలో కొంత యున్నది. ఆ చరిత్రలో మన జిల్లాలకును పాలు కలదు.

వేయి సంవత్సరములకు పూర్వపు ఇంగ్లీషులో ఈ మాటకు కోసిన పలక యని అర్థము. చెక్కడాలునకును, ఓడప్రక్కకును అదే పేరు చెల్లెడిది. నాటి ఓడలకు చుక్కాని వెనుకభాగపు నడుమగాక, కుడిప్రక్కన పెద్ద తెడ్డువలె అమరియుండెడిది. అందుచేత కుడిప్రక్కకు ‘స్టార్‌బోర్డు’, అనగా ఓడను నడపు ప్రక్క యని పేరు వచ్చెను. ఎడమప్రక్క ‘లార్‌బోర్డు’ అయ్యెను. సముద్రపు హోరులో ఈ రెండు కేకలును ఒక్కతీరుగా వినిపించి పొరపాటునకు తావిచ్చుచుండుటచే, 1844లో బ్రిటిషు నౌకాదళము రెండవదానిని విడిచి ‘పోర్టు’ అను మాటను స్థిరపరచెను. ఓడ నెక్కుటను తెలుపు మాట నేడు రైలునకును, విమానమునకును సంక్రమించినది.

ఇంటిలో ఈ మాట మరియొక దారి పట్టెను. మధ్యయుగమున ప్రభువుల భోజనశాలలలో పొడవైన పలకలను కాళ్ళచట్రములపై పరచి, భోజనమైన పిమ్మట వానిని తీసి గోడకు చేర్చుచుండిరి. కావున భోజనపుబల్లయే బోర్డు. తరువాత బల్లపై వడ్డించు ఆహారమునకు కూడ ఆ పేరే వచ్చెను. ‘విస్తరి వేసినారు’ అన్నచో మనము భోజనము సిద్ధమని గ్రహింతుము గదా! మనకు ఆకు అన్నమును సూచించినట్లే వారికి పలక అన్నమును సూచించినది. బోర్డింగు పాఠశాలయన్న పేరు ఇట్లే పుట్టినది. గిన్నెలు, పాత్రలు కనబడునట్లు అమర్చెడి పలకయే క్రమముగా తలుపులు గల ‘కప్‌బోర్డు’ అయ్యెను. పేకాటలో చేతులు బల్లపై నుంచి ఆడువాడు మోసగాడు కాడని నమ్మిక. అందుచే ‘బల్లపైన’ అన్న మాటకు ఇంగ్లీషులో నిష్కపటమని అర్థమేర్పడినది.

అన్నము తిన్న బల్లచుట్టు కూర్చుండియే పెద్దలు ఆలోచనలును జరపిరి. పదునారవ శతాబ్దమునాటికి బల్ల పేరు దానిచుట్టు కూర్చున్న సభ్యులకు వచ్చెను. మనకును ఇట్టి మార్పు క్రొత్తది కాదు. కూర్చుండు ‘గద్దె’ రాజ్యాధికారమైనది. ‘పీఠము’ గురువుగారి పదవియైనది. అయినను ఒక భేదము గమనింపదగినది. గద్దెపై కూర్చున్నవాడెవడో జనులకు తెలియును. బోర్డులో నిర్ణయించినది ఎవరో బయటివారికి తెలియదు. ఉత్తరువు బల్ల పేర వెలువడును.

ఇట్టి బల్లలు రెండు మన పూర్వుల బ్రతుకులను శాసించినవి. 1784లో పిట్టు మంత్రి చేయించిన చట్టముచే లండనులో ‘బోర్డ్ ఆఫ్ కంట్రోల్’ ఏర్పడి, 1858 వరకు ఈస్టిండియా కంపెనీ పరిపాలనపై అజమాయిషీ చేసెను. 1786లో చెన్నపట్టణమున ‘బోర్డ్ ఆఫ్ రెవిన్యూ’ వెలసెను. దీని సభ్యులు కంపెనీ ఉద్యోగులు. ఉత్తర సర్కారుల కలెక్టర్లును, 1800లో నిజామునుండి కంపెనీకి సంక్రమించిన దత్తమండలాల కలెక్టర్లును ఈ బోర్డునకు జవాబుదారులు.

ఆ బల్లకడ జరిగిన ఆలోచన పొలములోని రైతును ఎట్లు తాకెనో దత్తమండలాల చరిత్ర తెలుపును. అచ్చట థామస్ మన్రో పొలములు కొలిపించి, రైతు రైతునకు వేరుగా శిస్తు నిర్ణయించెను. 1807లో ఆయన స్వదేశమునకు వెడలిన కొలదికాలమునకే బోర్డు మొగ్గుచూపిన గ్రామగుత్తల పద్ధతి అమలులోనికి వచ్చెను. ఊరినంతటిని మొదట మూడేండ్లకును, పిమ్మట పదేండ్లకును గుత్తకిచ్చిరి. గుత్తదారులనేకులు చితికిపోయిరి, వారి చేతిక్రింద రైతులు నలిగిరి. 1820లో మన్రో గవర్నరుగా తిరిగివచ్చిన పిమ్మట రైతువారీ పద్ధతి నిలద్రొక్కుకొనెను. ఏ పద్ధతి మంచిదన్న వాదము ఇన్నియేండ్లు నడచినను, శిస్తు కట్టు రైతునకు ఆ బల్లకడ చోటు లేకపోయెను. అతని మాట అర్జీ రూపమున మాత్రమే అచ్చటికి చేరెను.

తెలుగువారు బల్లచెంతకు చేరుట స్థానిక సంస్థలతో మొదలయ్యెను. 1884 నాటి మద్రాసు చట్టముచే జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు ఏర్పడి బాటలు, బడులు, వైద్యశాలలు చూచుకొనసాగెను. తొలుత జిల్లా బోర్డునకు కలెక్టరే అధ్యక్షుడు. 1920 చట్టము పిమ్మట ఆ కుర్చీ క్రమముగా ఎన్నికైనవారి వశమయ్యెను. పల్లెటూళ్ళ పిల్లలనేకులకు హైస్కూలు చదువు తొలిసారిగా అందించినవి ఈ ‘బోర్డు స్కూళ్ళే’. శిస్తు వసూలునకు మారుపేరుగానున్న మాట చదువునకు మారుపేరగుట చిన్న మార్పు కాదు.

1959లో ఆంధ్రప్రదేశమున పంచాయతీరాజ్యము వచ్చి, జిల్లా బోర్డుల స్థానమున జిల్లా పరిషత్తులు వెలసెను. రెవిన్యూ బోర్డు సైతము 1977 చట్టముతో తొలగిపోయెను. ‘పరిషత్తు’ అన్న సంస్కృతపదమునకు చుట్టును కూర్చుండుట యని వ్యుత్పత్తి. ఇంగ్లీషు మాట బల్లను చెప్పి మనుష్యులను మరుగుపరచినది. మన మాట బల్లను విడిచి కూర్చున్నవారిని చెప్పినది.

అయితే పేరు మారినంతమాత్రమున పని ముగియదు. లంచమును మనము నేటికిని ‘బల్లక్రింద చేయి’ అనియే అందుము. అది బోర్డు కానిండు, పరిషత్తు కానిండు, దానిచుట్టు ఎవరు కూర్చున్నారు, వారి చేతులు బల్లపైన నున్నవా యని చూచుకొనవలసిన బాధ్యత ఆ బల్లకు పన్ను కట్టువారిది.