తొలగింపు తరువాత విశ్వాసం: పల్నాడు సిమెంటు పరిశ్రమలో యాజమాన్య మార్పిడి, కార్మికుల మనోస్థైర్యం

ఉపోద్ఘాతం

మాచర్ల నుంచి పిడుగురాళ్ల వరకు పరుచుకున్న సున్నపురాయి నిక్షేపాలే పల్నాడు సిమెంటు పరిశ్రమకు ఆధారం. 1958లో మాచర్లలో మొదలైన కె.సి.పి. కర్మాగారం ఈ ప్రాంతంలో ఆ పరిశ్రమకు తొలినాళ్ల నిదర్శనం. క్వారీని వేరొక చోటికి తరలించడం సాధ్యం కాదు గనుక, కర్మాగారం మూతపడినా, చేతులు మారినా యంత్రాలు ఉన్నచోటే ఉంటాయి, వాటిని నడిపిన కార్మికుల కుటుంబాలు కూడా చాలావరకు చుట్టుపక్కల ఊళ్లలోనే ఉంటాయి, యాజమాన్యం మాత్రం మారుతుంది. హైదరాబాదులో ఉద్యోగం పోయిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకు అదే నగరంలో వెతుక్కోవడానికి పలు సంస్థలుంటాయి. పల్నాడులోని దాచేపల్లిలో కిల్న్ (సిమెంటు కొలిమి) ఆపరేటరు మాత్రం మూతపడిన కర్మాగారం తెరుచుకునేదాకా ఎదురుచూడాలి, లేదా సమీపంలోని కొద్దిపాటి కర్మాగారాల్లో ఖాళీ కోసం చూడాలి. ఇటువంటి చోట నాయకత్వంపై కార్మికుల విశ్వాసానికి తొలగింపు కంటే తిరిగి పనిలోకి తీసుకునే క్రమమే గట్టి పరీక్ష అన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

భావనల నిర్వచనం

వాడుకలో లే-ఆఫ్ అంటే ఉద్యోగం పోవడమే అయినా, 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం అది బొగ్గు, విద్యుత్తు, ముడిసరుకు వంటివి కొరవడినందున కార్మికునికి తాత్కాలికంగా పని చూపలేకపోవడం. శిక్షగా కాకుండా ఉద్యోగం నుంచి తొలగించడాన్ని రిట్రెంచ్‌మెంట్ అంటారు. విశ్వాసం విషయానికొస్తే, మేయర్, డేవిస్, షూర్మన్ 1995లో ప్రతిపాదించిన నమూనా నాయకుని సామర్థ్యం, సద్భావం, నిజాయతీ అనే మూడింటిని దానికి ఆధారాలుగా గుర్తించింది. తొలగింపుల తరువాత ఉద్యోగం నిలిచినవారిపై 1980ల నుంచి పరిశోధించిన జోయెల్ బ్రాక్నర్, వెళ్లిపోయినవారి పట్ల సంస్థ న్యాయంగా ప్రవర్తించిందా లేదా అన్నదాన్నిబట్టే మిగిలినవారి నిబద్ధత మారుతుందని చూపాడు.

ఉదంతం: దుర్గా సిమెంట్ వర్క్స్

1936లో ఏర్పడిన ఆంధ్రా సిమెంట్స్ సంస్థకు దాచేపల్లి వద్ద దుర్గా సిమెంట్ వర్క్స్ ఉంది. డంకన్ గోయెంకా గ్రూపు నుంచి ఈ సంస్థ జేపీ గ్రూపుకు మారింది. 2022 ఏప్రిల్‌లో, అంటే నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడిన నెలలోనే, దివాలా పరిష్కార ప్రక్రియలోకి వెళ్లింది. అప్పటికే ఉత్పత్తి నిలిచిపోయి ఉంది. కృష్ణానదికి ఆవలి ఒడ్డున మట్టంపల్లిలో కర్మాగారమున్న సాగర్ సిమెంట్స్ సమర్పించిన ప్రణాళికను జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ అమరావతి బెంచి 2023 ఫిబ్రవరిలో ఆమోదించింది.

ఇటువంటి మార్పిడిలో నాయకత్వం అంటే ఎవరన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. దివాలా ప్రక్రియ సాగినంతకాలం అధికారం రిజల్యూషన్ ప్రొఫెషనల్ చేతిలో, అంటే ట్రిబ్యునల్ నియమించిన నిర్వాహకుని చేతిలో ఉంటుంది. ప్రణాళిక ఆమోదం పొందాక అందులో చేరని పాత బకాయిలు రద్దవుతాయని ఘనశ్యామ్ మిశ్రా కేసులో సుప్రీంకోర్టు 2021లో స్పష్టం చేసింది. కొత్త పెట్టుబడిదారు నిశ్చింతగా ముందుకు రావాలంటే ఈ నియమం అవసరమే. కానీ పాత యాజమాన్యం నోటిమాటగా ఇచ్చిన హామీని కొత్త యాజమాన్యం నిలబెట్టుకోవాలని కార్మికుడు ఆశిస్తే, ఆ ఆశకు చట్టం అండ ఉండదు. గేటు మీది బోర్డు మారినా షిఫ్ట్ ఇన్‌చార్జి, మేస్త్రీ, యూనియన్ నాయకుడు ఊళ్లోనే ఉంటారు గనుక, మారిపోయిన యజమానుల మాటకు జవాబు చెప్పవలసిన భారం వారి మీద పడుతుంది.

తిరిగి పిలిచే క్రమం

1947 చట్టం 25జి సెక్షన్ చివర చేరినవారిని ముందుగా తొలగించాలని, 25హెచ్ సెక్షన్ తిరిగి నియమించేటప్పుడు తొలగింపుకు గురైనవారికి ప్రాధాన్యమివ్వాలని చెప్పాయి. తొలగింపుకు కనీసం ఏడు రోజుల ముందు సీనియారిటీ జాబితాను నోటీసు బోర్డులో పెట్టాలని కేంద్ర నియమావళి నిర్దేశించింది. తన పేరు పైన ఎవరున్నారో, కింద ఎవరున్నారో కార్మికుడు స్వయంగా చదువుకోగలిగినప్పుడు, తొలగింపు బాధ తగ్గకపోయినా, సిఫార్సు వల్ల ఒకరు నిలిచారన్న అనుమానానికి తావు తగ్గుతుంది.

ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతి తొలగింపుకు ప్రభుత్వ అనుమతి అవసరమయ్యే కార్మికుల సంఖ్యను 100 నుంచి 300కు పెంచింది. పునర్నియామక ప్రాధాన్యాన్ని తొలగించిన ఏడాది లోపు జరిగే నియామకాలకే పరిమితం చేసింది. నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి మూతపడి ఉండే సిమెంటు కర్మాగారానికి ఈ ఏడాది గడువు పొసగదు. కాంట్రాక్టరు ద్వారా ప్యాకింగ్, లోడింగ్ పనులు చేసే కూలీల పేర్లు సంస్థ జీతాల పట్టీలో ఉండవు కాబట్టి, వారి విషయంలో ఈ ప్రాధాన్యాన్ని నిరూపించుకోవడం మరీ కష్టం.

మనోస్థైర్యం, ఉత్పత్తి

సిమెంటు తయారీలో సున్నపురాయి పొడి దాదాపు 1,450 డిగ్రీల సెల్సియస్ వద్ద క్లింకరుగా మారుతుంది. కిల్న్ లోపలి అగ్నినిరోధక ఇటుక ఊడితే బయటి ఉక్కు గొట్టం మీద ఎర్రని మచ్చ తేలుతుంది; దాన్ని తొలి దశలోనే గుర్తించి చెబితే నష్టం తక్కువ. తప్పు తన మీదికి వస్తుందని, మళ్లీ తొలగింపు జాబితా తయారైతే అదే సాకు అవుతుందని భయపడే ఆపరేటరు ఆ సంగతి చెప్పడానికి వెనుకాడవచ్చు. మనోస్థైర్యం లోపిస్తే అది గైర్హాజరీలోనే కాక, ఇలా సమయానికి చెప్పకపోవడంలోనూ బయటపడుతుంది. చాలాకాలం చల్లారిన కిల్న్‌ను క్రమంగా వేడిచేసి నిలకడకు తేవడానికి దాని తీరు తెలిసిన పాతవారి అనుభవం ఎంతో అక్కరకొస్తుంది గనుక, వారిని గౌరవంగా పిలవడం కొత్త యాజమాన్యానికి కూడా లాభదాయకమే.

ఉపసంహారం

యాజమాన్యం మారిన కర్మాగారంలో విశ్వాసం తిరిగి నెలకొనాలంటే, పాత సీనియారిటీ జాబితాను కాంట్రాక్టు కార్మికుల పేర్లతో సహా భద్రపరచి బహిరంగంగా ఉంచాలి. ఎవరిని ఏ ప్రాతిపదికన పిలుస్తున్నారో, ఎవరిని ఎందుకు పిలవడం లేదో రాతపూర్వకంగా తెలపాలి. మూతపడిన కాలాన్ని మినహాయించి ఏడాది గడువును లెక్కించేలా నిబంధనను సవరించాలి. దివాలా చట్టం సంస్థ పాత ఖాతాను మూసివేయగలదు కానీ, ఆ ఖాతాలో తన పేరు ఏమైందో చెప్పేదాకా కార్మికుడు కొత్త యాజమాన్యాన్ని పాతదాని కొనసాగింపుగానే చూస్తాడు.