తల్లి విస్తరి, బిడ్డ గుండె

వేములవాడలో రాజన్నకు కోడె మ్రొక్కు చెల్లించి వచ్చువారికి, ధర్మపురిలో గోదావరీస్నానము చేసి నరసింహస్వామిని సేవించువారికి, కొండగట్టు అంజన్న దర్శనమునకు కాలినడకన సాగు మాలధారులకు ఇంత అన్నము పెట్టుట జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల గృహస్థులకు తరతరములుగా అలవడిన పుణ్యకార్యము. ఆకలిగొన్నవాడు తృప్తిగా లేచిపోవుటను ఆ దాత కన్నులార చూచును. అయితే, తానిచ్చిన ధనమునకు ఫలము ఇరువది యేండ్లకు గాని తెలియరాదనియు, అది తెలియునాటికి తాను జీవించి యుండడనియు ఎఱిగి ఇచ్చువారు కూడ లోకమున గలరు. అట్టి దానమొకటి తోడుపడగా, తల్లి తిన్న అన్నమునకును బిడ్డ గుండెకును గల సంబంధము మన తెలంగాణ పల్లెలలోనే శోధింపబడిన వృత్తాంతము ఇచ్చటివారు తెలిసికొనదగినది.

1918లో కూనూరునందు రాబర్ట్ మెక్‌కారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధిని గూర్చి ప్రారంభించిన చిన్న పరిశోధనాశాల క్రమముగా పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను నామము వహించినది. జొన్నలే ప్రధానాహారముగా బ్రతుకు దక్కను పీఠభూమి పేదలకు ఎండసోకిన చోటులందు చర్మము నల్లబారి పొరలూడు పెల్లగ్రా వ్యాధి ఏల కలుగుచున్నదని విచారించి, జొన్నలయందధికముగా నుండు ల్యూసిన్ అను పదార్థము అందుకు కారణము కావచ్చునని 1960లో ఆ సంస్థ పరిశోధకులైన గోపాలన్, శ్రీకాంతయ్యగారలు ప్రకటించిరి. పేదవాని విస్తరిలో ఏమున్నదో చూచి వాని రోగమును విచారించుట ఆ సంస్థకు నాటినుండియు సంప్రదాయము.

1975 అక్టోబరు 2న దేశమున సమగ్ర శిశు అభివృద్ధి పథకము ఆరంభమైనది. అన్ని ప్రాంతములకు ఒక్కసారిగా చేరక విడతలుగా విస్తరించుటచే, హైదరాబాదు చేరువనున్న పల్లెలలో కొన్నిటికి పథకము ముందుగా అందినది. ప్రక్కపల్లెలు తమ వంతునకై వేచియున్నవి. ఆ వ్యత్యాసమును అవకాశముగా గ్రహించి పోషకాహార సంస్థవారు 1987 మొదలు 1990 వరకు 29 గ్రామములలో ఒక పరిశీలన సాగించిరి. అందు 15 గ్రామములలో గర్భిణులకు, బాలింతలకు, ఆరేండ్లలోపు పిల్లలకు మక్కపిండి సోయాపిండి కలిపి సోయానూనెతో వండిన ఉప్మా దినదినము పెట్టబడెడిది. తక్కిన 14 గ్రామములలో అదింకను మొదలుకాలేదు. తల్లికి దినమునకు సుమారు 500 కేలరీలు, బిడ్డకు సుమారు 300 కేలరీలు లభించు నంతటి ఆహారమది.

అదే దశాబ్దిలో ఇంగ్లండునందు డేవిడ్ బార్కర్ అను పండితుడు, గర్భమునందును శైశవమునందును తగిన పోషణ లభింపని బిడ్డలు పెద్దవారైన పిమ్మట హృద్రోగముల కెక్కువగా గురియగుదురని ప్రతిపాదించెను. ఆ మాట నిజమైనచో తల్లికి పెట్టిన ఉప్మా పదునైదేండ్ల తరువాత బిడ్డ రక్తనాళములలో కనబడవలెను గదా! 2003–05 నడుమ సంజయ్ కిన్రా మొదలగు పరిశోధకులు పోషకాహార సంస్థతో గూడి ఆ పల్లెలకు మరలిపోయి, నాడు శిశువులై, నేడు 13 మొదలు 18 యేండ్ల ప్రాయమున నున్న 1,165 మందిని పరీక్షించిరి. పరగడుపున రక్తము తీసి, మణికట్టు నాడిపై సన్నని పరికరము నానించి, ధమనులెంత మృదువుగా నున్నవో కొలిచిరి. ఉప్మా అందిన పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు పెరిగిరి. వారి శరీరములు ఇన్సులిన్‌కు మెరుగుగా లోబడినవి. ధమనుల బిరుసుదనము తగ్గినది. రక్తపుపోటునందును కొవ్వులయందును మాత్రము చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. లభించినదానిని పెంచక, లభింపనిదానిని దాచక 2008లో వారు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించిరి.

ఆ పిమ్మట ఆ పిల్లల తల్లిదండ్రులను, తోబుట్టువులను గూడ చేర్చుకొని పరిశీలన విస్తరించుటకు తోడ్పడిన వారిలో లండనునందలి వెల్కం ట్రస్టు ముఖ్యమైనది. అమెరికాలో పేదయింట పుట్టి, ఇంగ్లండులో మందుల వ్యాపారమున కుబేరుడైన హెన్రీ వెల్కం 1936లో మరణించునప్పుడు తన సంస్థ నంతయు వైద్యపరిశోధనకు ధర్మనిధిగా విడిచిపోయెను. తెలుగునేలకు ఇట్టి దాతృత్వము క్రొత్తది కాదు. రంగూనులో ధనమార్జించిన మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మనిధి కాకినాడలో వెలసి, పైచదువులు గోరిన యల్లాప్రగడ సుబ్బారావుగారికి సహాయము వాగ్దానము చేయగా, ఆ భరోసాతోను మామగారి ధనసహాయముతోను ఆయన 1922లో అమెరికా చేరిరి. గుండె కండరము ముడుచుకొనుటకు శక్తినిచ్చు ఏటీపీ అను పదార్థమును ఫిస్కే అను శాస్త్రజ్ఞునితో గూడి ఆయన కండరములయందు గుర్తించిరి. ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిన లెడర్లీ పరిశోధనాశాలకు నాయకత్వము వహించిరి. నేడు కోరుట్లలో ఆశా కార్యకర్త గర్భిణిచేతిలో పెట్టు ఐరన్-ఫోలిక్ మాత్రలో కాకినాడ దాత ధర్మమున కొక పాలు గలదు.

ఇక మన ఊళ్లను చూడుడు. కోరుట్ల, జగిత్యాల వాడలలో చాట ఒడిలో పెట్టుకొని, తునికాకులో తంబాకు చుట్టి బీడీలకు దారము కట్టుచు తల్లులు ప్రొద్దంతయు వంగి కూర్చుందురు. సిరిసిల్లలో సాంచాల రొదనడుమ మరమగ్గపు కార్మికులు రాత్రిపగళ్లు నిలబడుదురు. గల్ఫునకు పోయిన భర్త పంపు పైకముపై ఇల్లు నడపు ఇల్లాండ్రు అనేకులు. 2015 జనవరి 1న ప్రారంభమైన ఆరోగ్యలక్ష్మి పథకము క్రింద గర్భిణికి అంగన్‌వాడీలో పప్పన్నము, గ్రుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెట్టుచున్నారు. ఆ గ్రుడ్డును ఇంటికి తీసికొనిపోయి పెద్దబిడ్డకు పెట్టక తల్లియే అచ్చట కూర్చుండి తినవలెనను నియమమును కొందరు చాదస్తమందురు; ఆ 29 పల్లెల కథ తెలిసినవా రట్లనరు.

బీడీ చుట్టు తల్లి గర్భమున పెరిగి, ఆ గ్రుడ్డుతో, ఆ పాలతో పోషింపబడిన బిడ్డ ముప్పదియేండ్ల ప్రాయమున సాంచా వద్దనో, దుబాయి ఎండలోనో నిలబడునాటికి వాని గుండె ఎట్లుండునో తెలిసికొనుటకు ప్రభుత్వపు ఒక యేటి పద్దు చాలదు. ఏటికేడు వడ్డీతో నడచుచు, పాలకులు మారినను ఆగిపోని శాశ్వతనిధి కావలెను. సత్రములు కట్టించిన చేతులు, గల్ఫుధనముతో గుడులు పునరుద్ధరించిన చేతులు, రైసుమిల్లుల ఆదాయములో భాగము అన్నదానమునకు తీసిపెట్టు చేతులకు ఈ మూడు పట్టణములలో కొఱత లేదు. ఆ ధర్మములో ఒక పాలు ఇక్కడి తల్లుల, బిడ్డల ఆరోగ్యమును దశాబ్దముల పర్యంతము గమనించు పరిశోధనకు కేటాయించినచో, అన్నదానమే ఇంకొక తరమునకు విస్తరించి, పుట్టబోవు బిడ్డల గుండెలకు రక్షయగును.