పెరట్లో ద్రాక్ష, ఊరిలో దిబ్బలు

మందులు కొట్టకుండా పెరట్లో ద్రాక్ష పెంచవచ్చా అని మనలో చాలామంది అడుగుతున్నారు. పెంచవచ్చు. కానీ మన ఆండర్సన్‌పేటలో ఆ మాట మట్టితో మొదలుపెట్టాలి. ఎందుకో మన చరిత్రే చెబుతుంది.

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ ఇక్కడి గనుల పని చేపట్టింది. 1887లో స్కాట్లాండులో మెకార్థర్, ఫారెస్ట్ సోదరులు సయనైడుతో బంగారం తీసే పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. తర్వాత ఆ పద్ధతి మన గనులకూ వచ్చింది. రాతిపొడిలో బంగారం తీయగా మిగిలినదే మన సయనైడ్ దిబ్బలు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. దిబ్బలు మాత్రం ఉండిపోయాయి. గాలి వీస్తే ఆ దుమ్ము మన ఇళ్ళ మీదికే వస్తుంది.

ద్రాక్షకూ ఆ కాలంలోనే మందు దొరికింది. 1885లో ఫ్రాన్సులో మిలార్డే, బూజు తెగులుకు మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమాన్ని వెలుగులోకి తెచ్చాడు. సేంద్రియ సాగులో నేటికీ దాన్ని మితంగా వాడనిస్తారు. 2013లో భౌగోళిక గుర్తింపు పొందిన మన నల్ల ద్రాక్ష, బెంగుళూరు బ్లూ, ఏడాదికి రెండు కాపులు ఇస్తుంది. దానికీ బూజు బెడద ఉంది. అందుకే ఆకులు గుబురు కాకుండా కత్తిరించి, పందిరికి గాలి ఆడనివ్వాలి.

గుంతలో దిబ్బ మట్టి వేయకండి. మంచి ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు వేయండి. మామూలు మట్టి పరీక్షలో సీసం వంటి లోహాలు చూడరు, వాటికి విడిగా అడగండి. గుత్తులు బాగా కడిగి పిల్లలకు పెట్టండి.

మందు మానడం సగం పనే. మట్టి ఎక్కడిదో తెలుసుకోవడం మిగతా సగం.